ఎస్తేరక్క వేసిన రెండు కుర్చీలు

పొద్దున అన్నానికి బియ్యం కొలిచి, అలవాటుగా అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న రేకు డబ్బాలో వేశాను. డబ్బా ఖాళీగా ఉందేమో, గింజలు అడుగున పడి గలగలమన్నాయి. పోయిన నవంబరులో మా ఆయన కన్నుమూసినప్పటి నుంచి ఈ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలిగింది లేదు. ఎవరో ఒకరు గిన్నెలో తెచ్చిపెట్టడం, నేను రెండు మెతుకులు కతికి లేవడం, అంతే. ఆ చప్పుడు వినగానే ఆయన గుర్తుకు రావాలి న్యాయంగా. కానీ ఎస్తేరక్క గుర్తొచ్చింది. ఏప్రిల్ నెల కదా, పన్ను కాగితాల రోజులు. ఈ డబ్బా అలవాటూ, ఆ కాగితాల అలవాటూ రెండూ నాకు ఆవిడ దగ్గర అబ్బినవే.

పిడికెడు బియ్యం సంగతి తెలియనివాళ్లకి చెప్పాలి. తెనాలి, బందరు వైపు మా క్రైస్తవ సంఘాల్లో ఆడవాళ్లు అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి పేర పక్కన పెడతారు. నెలకోసారి ఆ బియ్యం గుడికి చేరుతుంది. డాలస్‌లో మా తెలుగు నర్సులందరి చేతా ఆ పని మళ్లీ మొదలుపెట్టించింది ఎస్తేరక్కే. ఓ అమెరికన్ చర్చి వెనక హాలు ఆదివారం మధ్యాహ్నం మాకు అద్దెకిచ్చేవాళ్లు. అక్కడ పోగైన బియ్యం కొత్తగా వచ్చి ఇంకా జీతం చూడని కుటుంబాలకి వెళ్లేది. ఎవరిల్లు దాటి ఎవరింటికి వెళ్లిందో అడగకూడదని ఆవిడ నియమం. అడిగినవాళ్లని కళ్లజోడు పైనుంచి ఒక్క చూపు చూసేది. ఆ చూపు ఒకసారి పడ్డవాళ్లు రెండోసారి అడగరు.

ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. నేను నర్సుగా చేరిన ఆసుపత్రిలో నాకంటే చాలా ముందొచ్చిన తెలుగు మనిషి, బందరు ఆవిడ. పొడుగ్గా, సన్నగా, ఆదివారం తప్పకుండా తెల్లచీరలో ఉండేది. మాట కత్తి. నా మాటా తక్కువదేం కాదు, కోపం నా ముక్కు మీదే ఉంటుంది. బహుశా అందుకే నన్ను దగ్గరికి తీసింది. వసంతం రాగానే ప్రార్థన అయిపోయాక తెలుగు జంటలు పన్ను కాగితాలు పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లేవి. సాయం చేయడమే తప్ప పైసా పుచ్చుకునేది కాదు. తన భోజనాల బల్లకి ఒకవైపు రెండు కుర్చీలు పక్కపక్కన వేసి, ఎదురుగా తను కూర్చునేది. మొగుడొక్కడే వస్తే వెనక్కి పంపేసేది. మనలో పద్ధతి ఏమిటి? మొగుడు అన్నీ నింపి, వంటింట్లోకి తెచ్చి, "ఇక్కడ పెట్టు" అంటే, పెళ్లాం తడిచేతులు కొంగుకి తుడుచుకుని సంతకం పెట్టేస్తుంది. మా నర్సుల ఇళ్లలో మరీ విడ్డూరం, జీతం తెచ్చేది ఆమే, కాగితం చూసేది ఆయనే. ఎస్తేరక్క ఆ పద్ధతి సాగనివ్వలేదు. ప్రతి గడీ తెలుగులో పైకి చదివేది. చదివి, ముందు ఆడమనిషి మొహం చూసేది. ఇద్దరూ సరేనన్నాక పెన్సిలుతో రాసి, అంతా అయ్యాకే ఇంకు పెట్టేది.

బియ్యం డబ్బా ఆ బల్ల మధ్యలోనే ఉండేది. ఒకాయన, పేరెందుకు లెండి, పిడికెడు బియ్యానికి వెల కట్టి దానాల కింద చూపించి పన్ను తగ్గించుకోవచ్చా అని అడిగాడు. చర్చికిచ్చిన డాలర్లు చూపించుకో, అది నీ హక్కు, బియ్యం జోలికి రాకు అంది. చెయ్యి జారవిడిచింది కానుక, పని చేసినందుకు చేతిలో పడేది కూలి, ఈ రెండూ కలిపితే అన్నం ఉడకదు అంది. ఆ మాట మా మెడకే చుట్టుకుంటుందని అప్పుడు నాకేం తెలుసు? నేను కూడా అందరితో పాటు నవ్వాను.

నేను డెబ్బైల చివర్లో హెచ్-వన్ వీసా మీద వచ్చాను, ఏటా పొడిగించుకునే వీసా. కొన్నాళ్లకి సెలవు మీద తెనాలి వెళ్లి పెళ్లి చేసుకున్నాను. మా ఆయన ప్రభాకర్ మిషన్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. బజారులో నడిస్తే సైకిళ్లు దిగి నమస్కారం పెట్టేవాళ్లు. అలాంటి మనిషి ఉద్యోగం వదిలేసి, భార్య మీద ఆధారపడ్డవాళ్లకిచ్చే హెచ్-ఫోర్ వీసాతో నా వెనక వచ్చారు. ఆ వీసా మీద పని చేయకూడదు. పన్ను కాగితాల కోసమని సోషల్ సెక్యూరిటీ నంబరు తెప్పిస్తే, కార్డు మీద అడ్డంగా అచ్చు వేసి ఉంది, ఉద్యోగానికి చెల్లదు అని. ఆయన ఆ కార్డు చాలాసేపు చూసి, పర్సులో పెట్టుకున్నారు. ఆ రోజు ఆయన కూర బాగా వండారు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి వంట చేసి ఉంచేవారు. ఎక్కడికెళ్లినా ఆయన్ని కరుణ సిస్టర్ గారి భర్త అని పరిచయం చేసేవాళ్లు. ఆయన నవ్వి చెయ్యి కలిపేవారు.

ఆయనకి గొంతు మంచిది. హార్మోనియం మెట్లు నొక్కుతూ పాడితే హాలు నిశ్శబ్దమైపోయేది. బైబిల్ వాక్యం కూడా లెక్క చెప్పినట్టే విప్పి చెప్పేవారు. ఆ నోటా ఈ నోటా పాకి, హ్యూస్టన్ నుంచీ ఆస్టిన్ నుంచీ తెలుగు ఇళ్లవాళ్లు గృహకూడికలకి, అంటే ఇంట్లో పెట్టుకునే ప్రార్థనలకి, పిలవడం మొదలుపెట్టారు. మాలో ఇంకో ఆచారం ఉంది. వాక్యం చెప్పినవారిని సాగనంపేటప్పుడు ఇంటిపెద్ద చెయ్యి కలుపుతాడు. ఆ కలిపిన చేతిలో మడతపెట్టిన నోటు ఉంటుంది. ఇచ్చినవాడు చూడడు, పుచ్చుకున్నవాడు చూడడు. మా ఆయన కారెక్కి, ఊరు దాటాక గానీ పిడికిలి విప్పేవారు కాదు. మొదటి కానుకలతో నాకొక చలికోటు కొన్నారు. నేను వద్దన్నాను, మందంగా ఉంది, రంగు బాగాలేదు, నాకు పాతదుంది అన్నాను. వేసుకో కరుణా, ఇది నా రెక్కల కష్టం అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం తెనాలిలో ఉన్నప్పటిలా ఉంది. ఇంకేం మాట్లాడతాను, వేసుకున్నాను.

మరుసటి వసంతంలో ఇద్దరం ఎస్తేరక్క ఇంటికి వెళ్లాం. రెండు కుర్చీల్లో కూర్చున్నాం. ఆయన ఏడాది మధ్యలో వచ్చారు, నాదేమో తాత్కాలిక వీసా. మామూలుగా అయితే మాకు ఇద్దరికీ కలిపి ఒకే పన్ను కాగితం వేసే వీలు లేదట. ఇద్దరమూ ఇక్కడివాళ్లతో సమానంగా పన్ను కడతాం, ప్రపంచంలో ఏ మూల సంపాదించినా చెబుతాం అని ఒక కాగితం రాసి ఇద్దరమూ సంతకం పెడితే వేయనిస్తారు. ఏ మూలైనా అంటే తెనాలిలో ఆయన వాటా కౌలు కూడా చెప్పాలి అంది. ఆయన వెంటనే చెప్పారు. అలా ఒక్కొక్క గడీ దాటుకుంటూ భర్త వృత్తి అన్న చోటికి వచ్చి పెన్సిలు ఆపింది.

"మరిదిగారూ, ఇక్కడ మీ పని రాయాలి. ఏం రాయమంటారు?"

ఆయన పర్సులోంచి ఆ కార్డు తీసి బల్ల మీద ఆవిడ వైపు జరిపారు. "అందులో ఉన్నదే రాయండి వదినగారూ. చెల్లను."

నేను తల దించుకున్నాను. ఆవిడ కార్డు చూడనైనా లేదు. వెనక్కి జరిపేసింది.

"ఇక్కడ మిమ్మల్ని ఏం చేయనిస్తున్నారని కాదు నేనడిగింది. మీరేం పని తెలిసిన మనిషి?"

"లెక్కల మాస్టారిని."

"మరి అది చెప్పడానికేం?" అంటూ టీచర్ అని రాసింది. రాసి, పక్కన చిన్న అక్షరాలతో ప్రస్తుతం ఉద్యోగం లేదు అని కూడా రాసింది. అదెందుకక్కా అన్నాను, నాకు ఒళ్లు మండింది. "రెండూ నిజమేనమ్మా. ఒకటి రాసి ఒకటి దాస్తే అబద్ధం" అంది.

మా ఆయన ఆ మాటనే చూస్తూ కూర్చున్నారు. అంతమంది మధ్య ఏడాదిగా ఎవరి భర్తో అయిన మనిషికి ఎవరో తిరిగి పేరు పెట్టినట్టయింది కాబోలు. వెన్ను నిటారైంది. నిటారై, నాకు దడ పుట్టేలా, ఇంకో సంగతుంది వదినగారూ అన్నారు. కరచాలనం కానుకల సంగతి మొదలుపెట్టారు. నేను బల్ల కింద ఆయన కాలు తొక్కాను. ఊహు. ఏ ఊళ్లో ఎవరు ఎంతిచ్చారో కాగితం చూడకుండా ఒప్పజెప్పేశారు, లెక్కల మాస్టారు కదా. గర్వంగా చెబుతున్నారు, పిల్లాడు మార్కులు చెప్పినట్టు. నేనూ సంపాదించానని ఆ కాగితానికి కూడా తెలియాలని ఆయనకి.

ఎస్తేరక్క పెన్సిలు కింద పెట్టేసింది. పని చేశాక చేతిలో పడ్డది కూలే మరిదిగారూ, కానుకని పేరు పెట్టుకున్నంత మాత్రాన కాదు అంది. ఈ వీసా మీద కూలి పుచ్చుకోకూడదు. ఇది రాస్తే, రేపు గ్రీన్ కార్డ్‌కి వెళ్లినప్పుడు ఈ కాగితం అడుగుతారు, చూస్తారు. రాయకపోతే ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. కానీ ఇందులో ఉన్నదంతా నిజమని అడుగున ఇద్దరూ సంతకం పెట్టాలి. నేను మాత్రం ఏదీ చెప్పను, ఇద్దరూ మాట్లాడుకుని వారం తిరిగాక రండి అని మా కాగితాలు మడిచి నా చేతికిచ్చింది.

ఆ వారం మా ఇంట్లో జరిగింది మాట్లాడుకోవడం కాదు, యుద్ధం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నా వాదం. ఆ డబ్బు ఏపాటిది, దాని కోసం నా ఇన్నేళ్ల కష్టానికి, నా వీసాకి, మన బతుక్కి ఎసరు పెట్టుకుంటామా అన్నాను. ఇచ్చినవాళ్లు దేవుడి పేర ఇచ్చారు, దేవుడికి తెలుసు, చాలదా అన్నాను. ఆయన గొంతు పెంచలేదు. అదే ఆయనతో చిక్కు. రోజూ ఒక్కటే అన్నారు, పిల్లలకి ఇన్నేళ్లు మెట్టు దాచకుండా లెక్క చెయ్యమని చెప్పినవాడిని, నా పేరు పక్కన మాస్టారని రాసిన కాగితంలోనే దాచలేను కరుణా అని. నాకు ఆయన మీద కంటే ఎస్తేరక్క మీద ఎక్కువ కోపం వచ్చింది. ఆ ముక్క రాయకపోతే ఈయన నోరు తెరిచేవారే కాదు. చివరికి వెళ్లి రాయించాం. నేనే ముందు సంతకం పెట్టాను, కలం కాగితం చిరిగేలా నొక్కి.

ఆ తర్వాత ఆయన పిలిచినచోటికల్లా వెళ్లారు, పాడారు, వాక్యం చెప్పారు, వచ్చేటప్పుడు మాత్రం రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టేవారు. చెయ్యి చాచిన ఇంటిపెద్దలు నొచ్చుకున్నారు. మాస్టారికి గీర అన్నారు. ఆయన ఎవరికీ కారణం చెప్పలేదు. పిలుపులు తగ్గిపోయాయి. ఆదివారం సాయంత్రాలు హార్మోనియం మీద గుడ్డ కప్పి, మిడిల్ స్కూల్ పిల్లల ఆల్జీబ్రా పుస్తకాలు లైబ్రరీ నుంచి తెచ్చి, ఇక్కడ ఎలా చెబుతారో అని చదువుకునేవారు.

ఒక ఏడాది గడిచి నా గ్రీన్ కార్డ్ వంతు వచ్చింది. అప్పటికి నేను కడుపుతో ఉన్నాను. ఆసుపత్రి తరఫు లాయరు మా పన్ను రిటర్నులు తిరగేసి, ఆ గడి దగ్గర వేలు పెట్టి, ఈ డబ్బు దేనికని అడిగాడు. చెప్పాం. నాకు ఇక్కడే ఇస్తారు, అభ్యంతరం లేదు అన్నాడు. మా ఆయన మాత్రం పని చేసే అనుమతి లేకుండా డబ్బు పుచ్చుకున్నారు కాబట్టి ఇక్కడుండి వీసా మార్చుకునే వీలు పోయిందట. ఇండియా వెళ్లి మద్రాసు కాన్సులేట్‌లో తెచ్చుకోవాలి. ఇస్తారా అని అడిగాను. ఇవ్వొచ్చు అన్నాడు. ఎన్నాళ్లు పడుతుందంటే చెప్పలేనన్నాడు. ఇవ్వకపోతే అన్నాను. లాయరు కిటికీలోంచి బయటికి చూశాడు.

అక్కడ నుంచి తిన్నగా ఎస్తేరక్క ఇంటికి వెళ్లాను. తలుపు తీసీ తీయగానే కడిగేశాను. నీ నీతికి నా కాపురం బలైంది, నీకేం, ఒంటికట్టె మనిషివి, మొగుడి విలువ నీకేం తెలుసు అన్నాను. ఆవిడకి పెళ్లయిందని అందరికీ తెలుసు, భర్త ఎక్కడో ఉన్నాడని తెలుసు, అంతకు మించి ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడి అంతా విన్నది. "కడుపుతో ఉన్నావు, కూర్చుని తిట్టమ్మా" అని కుర్చీ లాగింది. నేను కూర్చోలేదు.

ఆయన వెళ్లిపోయారు. విమానాశ్రయంలో ఆ చలికోటు నా భుజాల మీద సర్ది, పన్ను వేసే వేళకి వచ్చేస్తాను, సంతకం ఒక్కదానివే పెట్టకు అన్నారు. నవ్వించడానికన్నారు. నాకు నవ్వు రాలేదు. మద్రాసు నుంచి ఫోను అంటే ఆ రోజుల్లో మాటలా? ఉత్తరం వచ్చేసరికి అందులో సంగతి పాతబడేది. ఫైలు పైకి వెళ్లిందని ఒక ఉత్తరం, ఇంకో కాగితం అడిగారని ఇంకో ఉత్తరం. రాత్రుళ్లు పడుకుంటే ఒకటే భయం, ఈ మనిషి తిరిగి రాడేమో, నా బిడ్డ తండ్రి మొహం ఫోటోలో చూస్తుందేమో అని. అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉండేది. అక్కడ మళ్లీ మాస్టారూ అని పిలుస్తూ ఉంటారు కదా, ఆయనకే తిరిగి రాబుద్ధి కాకపోతే?

పాప పుట్టిన రోజున నా మంచం పక్కన ఉన్నది ఎస్తేరక్కే. నేను పిలవలేదు, మాటలూ లేవు మా మధ్య. డ్యూటీ మార్పించుకుని వచ్చి కూర్చుంది. నొప్పుల్లో పట్టుకోవడానికి చెయ్యి కావాలిగా, పట్టుకున్నాను. పాపని తుడిచి నా పక్కన పడుకోబెట్టాక, మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి పడుతుంటే, అడక్కుండానే చెప్పుకొచ్చింది. ఆవిడ భర్త కూడా ఇలాగే ఆవిడ వెనక వచ్చినవాడే. బందరులో వడ్రంగం పని, పేరున్న పనివాడు, పల్లకీ చెక్కితే ఊరు చూసేది. ఇక్కడ ఆయనకి పని లేదు. మొదటి ఏడాది పన్ను కాగితం ఆవిడే నింపింది, వంటింట్లో నిలబడి, ఆయన్ని కూర్చోబెట్టకుండా. భర్త వృత్తి అన్నచోట ఏమీ లేదు అని రాసింది. సంతకానికని ఆయన చేతికిచ్చింది. ఆయన ఆ మాట దగ్గర వేలు పెట్టి, చదివి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ వేసవిలో అమ్మని చూసొస్తానని వెళ్లాడు.

"మరి రాలేదమ్మా" అంది. "ఉత్తరాలు రాశాను, టిక్కెట్టు పంపాను. నువ్వు రాసిందే నిజం, నేనక్కడ ఏమీ కాను అని ఒక్కసారి జవాబు రాశాడు. విడాకులు ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు."

అప్పటి నుంచి ప్రతి ఏడాదీ ఆవిడ పన్ను విడిగా వేసేది. పెళ్లయింది, విడిగా వేస్తున్నాం అన్న గడి ఒకటుంటుంది. అలా వేస్తే పన్ను ఎక్కువ, అయినా అదే. ఆ గడి పక్కన భర్త పూర్తి పేరు రాయాలి. ఏడాది మొత్తంలో ఆయన పేరు నా చేత్తో రాసేది అక్కడొక్కచోటే కరుణా అంది. పన్నుల సంగతంతా ఆవిడ ఎందుకు నేర్చుకుందో, బల్లకి ఇటువైపు రెండు కుర్చీలు ఎందుకు వేసేదో నాకప్పుడు తెలిసింది. ఒంటికట్టె అన్న నా నోటిని ఏం చేసుకోను? ఏడ్చాను. ఆవిడ నన్ను ఊరుకోబెట్టలేదు, పాపని ఎత్తుకుని అటు తిరిగి నిలబడింది. కాసేపటికి, మరిదిగారు వస్తారులే, ఆయన కాగితం మీద మాస్టారని ఉంది అంది.

వచ్చారు. పాప బోర్లా పడుతున్న రోజుల్లో వచ్చారు. కాన్సులేట్‌లో ఆ రిటర్ను ముందు పెట్టి, ఇది మీ అంతట మీరే రాశారా అని అడిగారట. నేనూ నా భార్యా పక్కపక్కన కూర్చుని రాశాం అన్నారట ఈయన. ఆ అధికారి ఇంకేమీ అడక్కుండా ముద్ర వేశాడని చెప్పారు. అందులో ఎంత నిజమో, ఎంత మాస్టారి వర్ణనో నేను తరచి అడగలేదు. తర్వాత ఆయన ఇక్కడి పరీక్షలు రాసి, ప్లేనోలో ఒక బడిలో ఆల్జీబ్రా చెప్పడానికి చేరారు. మొదటి ఏడాది జీతం వచ్చాక మేం మళ్లీ ఆ బల్ల దగ్గర కూర్చున్నాం. ఎస్తేరక్క టీచర్ అని రాసి, పక్కన ఏమీ రాయకుండా చుక్క పెట్టి, కాసేపు ఆ చుక్కనే చూసింది.

ఎనభైలు ముగిసే రోజుల్లో బందరు నుంచి కబురొచ్చింది, ఆవిడ భర్త పోయాడని. ఆవిడ వెళ్లలేదు, తెల్లచీర ఎలాగూ కట్టేదే, చూసినవాళ్లకి తేడా తెలియలేదు. ఆ వసంతంలో నన్ను పిలిచి, ఈ చట్టం చిత్రం చూడు, మనిషి పోయిన సంవత్సరం ఆఖరిదాకా పెళ్లయినట్టే లెక్క, ఒక్క ఏడాది వదిలారు అంది, ఆయన పేరు పూర్తిగా రాస్తూ. ఆ పై ఏడాది తనే మా ఇంటికి వచ్చింది కాగితాలు పట్టుకుని. అన్నీ నింపేసి ఉన్నాయి. ఒక్క గడి మిగిలింది. ఒంటరి అన్న గడి. మా బల్లకి ఇటువైపు నా పక్క కుర్చీలో కూర్చుని, పెన్సిలు నా చేతిలో పెట్టింది.

"నువ్వు పెట్టమ్మా. నా చెయ్యి రావడం లేదు."

పెట్టాను. మా ఆయన లేచి హార్మోనియం మీద గుడ్డ తీశారు, ఎవరూ అడగకుండానే ఒక పాట పాడారు. ఎస్తేరక్క కళ్లు మూసుకుని విన్నది. వెళ్లేటప్పుడు ఆయన చెయ్యి కలిపారు, ఖాళీ చెయ్యి. ఆ తర్వాత ఆవిడ చాలా ఏళ్లు బతికింది, చివరి వసంతం దాకా ఆ రెండు కుర్చీలూ అలాగే వేసింది. పోయినప్పుడు బియ్యం డబ్బా నాకిమ్మని చెప్పి పోయింది.

ఈ మధ్యాహ్నం మా అమ్మాయి షారోన్ ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది మా పన్ను వేయడానికి. ఎదురుగా కూర్చోబోతే, ఇటు నా పక్కకి రా అన్నాను. వై మమ్మీ అంటూనే వచ్చి కూర్చుంది. పైకి చదువు అన్నాను. విసుక్కుంటూనే, తన అమెరికా తెలుగులో ఒక్కొక్కటీ చదివింది. మధ్యలో గబగబా ఏదో కొట్టేసి ముందుకి పోబోయింది.

"అదేంటి, అది చదవలేదు?"

"డాడ్ ఆక్యుపేషన్ మమ్మీ. రిటైర్డ్ అని పెట్టాను. ఓకే కదా?"

"టీచర్ అని పెట్టు ముందు. రిటైర్డ్ పక్కన పెట్టు. రెండూ నిజమే, ఒకటి రాసి ఒకటి దాస్తే అబద్ధం."

పిల్ల నా మొహం చూసి, ఇంకేం అడక్కుండా మార్చింది. ఆయన సంతకం ఉండాల్సిన చోట ఇక నా మాటే చాలట. సంతకం ఒక్కదానివే పెట్టకు అని విమానాశ్రయంలో అన్న మనిషి ఈసారి నా ఒక్కదాని చేతే పెట్టించారు. కానీ నాకూ చట్టం ఆ ఒక్క ఏడాదీ వదిలింది. ఈ కాగితం మీద మేమింకా భార్యాభర్తలమే, ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఒంటరి అన్న గడి వచ్చే ఏడాది వస్తుంది. అది నా చేత కాదు, నాకు తెలుసు. ఆ రోజు షారోన్‌ని ఇలాగే పక్కన కూర్చోబెట్టుకుని, నువ్వు పెట్టమ్మా అంటాను.